ఆ అరవై ఏడు సంవత్సరం కాదు

(మిషిగన్‌లోని నోవైలో, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ముందురోజు సాయంత్రం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. శుక్రవారం సాయంత్రం, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చాలా సంతోషం.

రేపు ఉదయం మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని వుడ్‌వర్డ్ అవెన్యూకి వెళ్తారు. 1995లో మొదలైన ఈ డ్రీమ్ క్రూజ్, అంటే పాత కార్ల ఊరేగింపు, ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డు పొడుగునా మస్టాంగ్‌లు, కమారోలు, ఛాలెంజర్లు, జీటీవోలు నిలబడి ఉంటాయి. చాలా కార్ల ముందు ఒక అట్ట పెడతారు. దాని మీద కారు పేరు, ఇంజన్, సంవత్సరం రాసి ఉంటాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ అట్ట మీది సంవత్సరం గురించే. అది నిజమో కాదో కారునే అడిగి తెలుసుకోవచ్చు. ఎలా అడగాలో చెప్తాను.

మాది విజయవాడ. నాన్నగారికి ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు ఉండేది. పాత లారీ చేతులు మారేటప్పుడు ఆర్టీవో ఆఫీసులో ఇవ్వడానికి ఛాసిస్ ప్రింట్ తీయాలి. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. గ్రీజు తుడిచి, కిరోసిన్ గుడ్డతో శుభ్రం చేసి, నంబర్ మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దాలి. నల్లటి మసి మధ్యలో అంకెలు తెల్లగా తేలతాయి. సెలవుల్లో ఆ పని నాదే. ఒకసారి ఆర్సీ పుస్తకంలో ఒక అంకె ఉంది, ప్రింట్‌లో ఇంకో అంకె వచ్చింది. నేను తప్పు రుద్దానేమో అనుకుని భయపడ్డాను. నాన్నగారు ఆర్సీ పక్కన పెట్టేసి, "రాసింది కాదురా, గుద్దింది చూడు" అన్నారు. తర్వాత ఈ దేశం వచ్చి, పంచ్‌లు, డైలతోనే పాతికేళ్ల ఉద్యోగం చేశాను. పాత కార్ల పిచ్చి పట్టుకున్నాక మళ్లీ ఆ మాట దగ్గరికే వచ్చాను.

మూడేళ్ల కిందట ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, 1967 కమారో కన్వర్టిబుల్ దొరికింది. నీలం రంగు. కాగితాల్లో 67 అని ఉంది, నంబర్‌లో కూడా 67 ఉంది. డబ్బు కట్టేశాను, వచ్చి చూడు" అన్నాడు. 67 అంటే కమారో పుట్టిన మొదటి ఏడాది. ఫోర్డ్ మస్టాంగ్‌కి పోటీగా షెవ్రొలె 1966 సెప్టెంబరులో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. మొదటి ఏడాది కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు) అంటే మోజు ఉంటుంది, ధర కూడా ఆ మోజుకి తగ్గట్టే ఉంటుంది. నంబర్ ఫొటో పంపమన్నాను. నంబర్ అంటే రోడ్డు మీద కనిపించే రిజిస్ట్రేషన్ నంబర్ కాదు, ఫ్యాక్టరీలో కారు మీద గుద్దిన గుర్తింపు నంబర్. పంపాడు. మొదటి ఏడు స్థానాలు ఇవి: 1, 2, 4, 6, 7, 8, ఎన్.

నిజమే, అందులో 67 ఉంది. కానీ ఆ 67 సంవత్సరం కాదు. విడదీసి చూడండి. మొదటి 1 అంటే షెవ్రొలె. జనరల్ మోటార్స్‌లో ఒక్కో విభాగానికి ఒక్కో అంకె ఉండేది. పాంటియాక్ 2, ఓల్డ్స్‌మొబీల్ 3, బ్యూక్ 4. తర్వాతి 24 అంటే ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజన్ ఉన్న కమారో. ఆరు సిలిండర్లదైతే 23 ఉంటుంది. ఆ తర్వాత 67. అది బాడీ రకం. జనరల్ మోటార్స్ లెక్కలో 37 అంటే కూపే, 67 అంటే కన్వర్టిబుల్. 67లో చేసినా, 68లో చేసినా, 69లో చేసినా కమారో కన్వర్టిబుల్ అయితే ఆ చోట 67 ఉండాల్సిందే. దాని తర్వాత వచ్చే ఒకే ఒక్క అంకె, అంటే ఆరో స్థానం, అదీ సంవత్సరం. ఇక్కడ అది 8. అంటే ఇది 1968 మోడల్. ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్‌లో చేసిందైతే అక్కడ ఎల్ ఉండేది.

ఏదో ఒక రాష్ట్రంలో, ఏదో ఒక కౌంటర్ దగ్గర ఎవరో ఆ 67 చూసి అదే సంవత్సరం అనుకుని టైటిల్‌లో, అంటే యాజమాన్య పత్రంలో, రాసేసి ఉంటారని మా ఊహ. ఒకసారి కాగితం మీద పడ్డాక, ఒక టైటిల్ చూసి ఇంకో టైటిల్ రాసుకుంటూ పోయారు. ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. అయినా నా మిత్రుడు 67 ధర పెట్టి 68 కారు కొన్నాడు.

వాడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. అందుకే ఇద్దరం కలిసి కారు చుట్టూ తిరిగాం. ఆ గుర్తింపు నంబర్ ఉన్న చిన్న ప్లేటు ఎక్కడుంది? డాష్‌బోర్డ్ మీద, విండ్‌షీల్డ్‌లోంచి కనిపించేలా, డ్రైవర్ వైపు ఉంది. 1967 కమారోకైతే అది డ్రైవర్ తలుపు కీళ్లు బిగించే స్తంభం మీద ఉంటుంది. 1968 మోడల్ నుంచే పైకి వచ్చింది. తలుపు అద్దం ముందు ఉండే చిన్న త్రికోణపు అద్దం 67లో ఉంటుంది, 68లో తీసేశారు. ఈ కారుకి లేదు. ముందు, వెనక రెక్కల పక్కన చిన్న సైడ్ లైట్లు 68లో వచ్చాయి, అప్పటికి కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఈ కారుకి ఉన్నాయి. ఇంజన్ గదిలో, ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజన్‌కీ సీట్ల గదికీ మధ్య ఉండే గోడ మీద, బాడీ వివరాలున్న చిన్న రేకు ఉంటుంది. దాన్ని ట్రిమ్ ట్యాగ్ అంటారు. దాని మీద ఎస్‌టీ 68, తర్వాత 12467, తర్వాత నార్‌వుడ్‌కి గుర్తుగా ఎన్‌ఓఆర్ అని ఉంది. ఆ రేకులో సంవత్సరం ముందే విడిగా ఉంటుంది, బాడీ రకం దాని తర్వాత వస్తుంది. రెండూ పక్కపక్కనే చూశాక వాడు నెమ్మదిగా తల ఊపాడు.

అంతా చూశాక మిత్రుడు, "ఒక్క అంకె నన్ను మోసం చేసింది" అన్నాడు. కాదు, ఒక్క అంకెనే చూశాడు కాబట్టి అలా జరిగింది. అదే నేను చెప్పదలచుకున్న విషయం. ఏ ఒక్క ముద్రా సంవత్సరాన్ని ఖాయంగా చెప్పదు. ఆ కారు మీద రకరకాల చోట్ల, రకరకాల చేతులు, రకరకాల రోజుల్లో వేసిన ముద్రలుంటాయి. అవన్నీ ఒకే కథ చెప్పాలి, అదీ వరస తప్పకుండా చెప్పాలి.

ఇంకో విషయం ముందే చెప్పుకోవాలి. మోడల్ సంవత్సరం వేరు, క్యాలెండర్ సంవత్సరం వేరు. మనకి కొత్త సంవత్సరం జనవరి ఒకటిన రాదు, ఉగాదికి వస్తుంది. జనవరిలో పుట్టిన పిల్లవాడి జాతకంలో పాత సంవత్సరం పేరే రాస్తాం కదా. డెట్రాయిట్‌కి ఉగాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వస్తుంది. వేసవిలో ఫ్యాక్టరీలో మార్పులు చేసుకుని, ఆ తర్వాత వచ్చే కారుకి వచ్చే ఏడాది అంకె గుద్దుతారు. 1966 అక్టోబరులో తయారైన కమారో 1967 మోడలే.

ఈ ఉగాది కొన్నిసార్లు ఆలస్యం అవుతుంది కూడా. కొత్త కమారో ఆలస్యం కావడంతో 1969 కమారోని 1969 నవంబరు దాకా చేస్తూనే వచ్చారు. 1970 కమారో 1970 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అందుకే 69 బాడీతో, 69 నంబర్‌తో ఉన్న కారుకి కాగితాల్లో 1970 అని రాసి ఉండటం అక్కడక్కడా కనిపిస్తుంది. ఆరో అంకె చూడండి. 9 ఉంటే అది 1969 కారే, ఏ నెలలో అమ్మినా సరే.

ఈ గందరగోళానికి అసలు ఉదాహరణ మాత్రం మన పక్కనే, డియర్‌బోర్న్‌లో పుట్టింది. మస్టాంగ్.

1964 మార్చి 9న డియర్‌బోర్న్‌లో మస్టాంగ్ ఉత్పత్తి మొదలైంది. ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనానికి చూపించారు. మూల ధర 2,368 డాలర్లు. మొదటి రోజే ఇరవై రెండు వేల ఆర్డర్లు వచ్చాయి. ఏడాది మధ్యలో వచ్చింది కాబట్టి, మొదటి నెలల్లో చేసిన కార్లని జనం అరవై నాలుగున్నర మస్టాంగ్ అంటారు. అట్టల మీద కూడా అలాగే రాస్తారు. కానీ ఫోర్డ్ గుద్దిన అంకెల్లో అరవై నాలుగు లేదు, ఆ అర కూడా లేదు. ఫోర్డ్ నంబర్‌లో సంవత్సరం మొట్టమొదటి స్థానంలోనే ఉంటుంది. మొదటి రోజు చేసిన మస్టాంగ్‌కి కూడా అక్కడ 5 గుద్దారు. అంటే 1965. నంబర్ 4తో మొదలయ్యే మస్టాంగ్‌ని ఎవరైనా చూపిస్తే, కొనేముందు గట్టిగా ఆలోచించండి.

మొట్టమొదటి నంబర్ ఉన్న మస్టాంగ్‌ని మీరు మీ కళ్లతో చూడొచ్చు. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. తెల్లటి కన్వర్టిబుల్. దాని నంబర్ 5ఎఫ్08ఎఫ్100001. 5 అంటే 1965. ఎఫ్ అంటే డియర్‌బోర్న్. 08 అంటే కన్వర్టిబుల్, 07 హార్డ్‌టాప్, 09 ఫాస్ట్‌బ్యాక్. తర్వాతి ఎఫ్ ఇంజన్, 260 క్యూబిక్ అంగుళాల వీ-8. మిగిలింది వరస సంఖ్య. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు అర్థాలు ఇస్తోంది, గమనించారా? స్థానం చూడకుండా అక్షరం చదవకూడదు. ఆ కారు అమ్మడానికి ఉద్దేశించింది కాదు, కానీ కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో డీలర్ దాన్ని స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్‌కి అమ్మేశారు. ఫోర్డ్ తర్వాత ఆయనతో మాట్లాడి, 1966లో పది లక్షలవ మస్టాంగ్ ఆయనకిచ్చి, ఒకటో నంబర్ కారుని వెనక్కి తెచ్చుకుంది. మ్యూజియంకి వెళ్లినప్పుడల్లా నేను ఆ కారు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

సరే, అన్నిటికీ 5 ఉంటే మరి అరవై నాలుగున్నరని ఎలా గుర్తుపట్టాలి? ఇంజన్ అక్షరం చూడండి. ఐదో స్థానంలో ఉంటుంది. యూ అంటే 170 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లది. ఎఫ్ అంటే ఇప్పుడు చెప్పుకున్న 260. డీ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289. ఈ మూడూ మొదటి నెలల్లోనే ఉన్నాయి. 1964 ఆగస్టు తర్వాత వాటి బదులు టీ, సీ, ఏ వచ్చాయి. కాబట్టి ఐదో స్థానంలో యూ, ఎఫ్, డీ ఉంటే తొలి బ్యాచ్ కారు, టీ, సీ, ఏ ఉంటే తర్వాతిది. కే అనే ఎక్కువ శక్తి గల 289 మాత్రం రెండు కాలాల్లోనూ ఉంది, దానికి తేదీ కూడా చూడాలి.

కారులోని వస్తువులు కూడా సాక్ష్యం చెప్తాయి. తొలి కార్లకి కరెంటు పుట్టించేది జనరేటర్. తర్వాతి వాటికి ఆల్టర్నేటర్. డాష్‌బోర్డ్ మీద దీపం పక్కన మొదటివాటికి జనరేటర్ అని, తర్వాతి వాటికి ఆల్టర్నేటర్ అని పొట్టిగా రాసి ఉంటుంది. అయితే వస్తువుని మార్చేయొచ్చు. అరవై ఏళ్ల కారులో జనరేటర్ తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోని యజమానులు ఎంతమంది ఉంటారు? అందుకే వస్తువుకి రెండో స్థానం, ముద్రకి మొదటి స్థానం.

ఆ ముద్ర ఎక్కడుంది అన్నది ఇంకా ముఖ్యం. మస్టాంగ్ డ్రైవర్ తలుపు మీద ఒక ప్లేటు రివెట్లతో బిగించి ఉంటుంది. అందులో నంబర్, రంగు, తయారైన తేదీ, అన్నీ ఉంటాయి. చదవడానికి చాలా సులువు. తేదీలో ముందు రోజు, తర్వాత నెల అక్షరం. జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా. ఒకటితో పోల్చుకుని పొరబడకుండా ఐ వదిలేశారు, కాబట్టి సెప్టెంబరు జే అవుతుంది. 16డీ అంటే ఏప్రిల్ 16. ఒకే మోడల్ ఏడాదిలో పన్నెండు నెలలు దాటిపోతే వాడటానికి ఎన్ నుంచి రెండో వరస అక్షరాలు కూడా పెట్టుకున్నారు. అంతా బాగానే ఉంది. కానీ ఆ ప్లేటు ఉన్నది తలుపు మీద. తలుపు విప్పితే ప్లేటు కూడా దాంతోపాటే పోతుంది.

ఇది నాకే జరిగింది. కొన్నేళ్ల కిందట అరవై నాలుగున్నర అని ప్రకటన చూసి ఒక మస్టాంగ్ చూడటానికి వెళ్లాను. తలుపు ప్లేటులో ఇంజన్ అక్షరం ఎఫ్, తేదీ మే నెల. మనసు పొంగిపోయింది. అమ్మేవాళ్లు అడ్వాన్స్ అక్కడే ఇమ్మన్నారు. బానెట్ ఎత్తమని అడిగాను. మస్టాంగ్ నంబర్ ఇంజన్ గదిలో, డ్రైవర్ వైపు లోపలి రేకు మీద గుద్ది ఉంటుంది. దాన్ని ఏప్రన్ అంటారు. ఫెండర్ (చక్రం మీది బయటి రేకు) అంచులో చిన్న గంటు పెట్టి అది కనిపించేలా చేస్తారు. దుమ్ము తుడిచి చూస్తే ఐదో స్థానంలో సీ ఉంది. వరస సంఖ్య కూడా వేరే. తలుపు ఒక కారుది, ఒళ్లు ఇంకో కారుది. డబ్బు ఇవ్వకుండా తిరిగొచ్చాను. దారిలో చేతులు వణికాయి, అంత దగ్గరికి వెళ్లిపోయాను మరి.

అందుకే ఫోర్డ్ అయితే తలుపు కాదు, ఏప్రన్ చూడండి. ఫెండర్లు విప్పిన రోజు వస్తే, వాటి కింద దాగి ఉన్న చోట్ల కూడా అదే నంబర్ ఉంటుంది, అది కూడా కలవాలి. మస్టాంగ్‌కి 1968లో నంబర్ డాష్‌బోర్డ్ మీదికి వచ్చింది, ఆ ఏడాది మటుకు ప్రయాణికుడి వైపు ఉంటుంది.

ఫ్యాక్టరీల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. రెండో స్థానంలో ఆర్ ఉంటే శాన్ హోజే ఫ్యాక్టరీ, టీ ఉంటే మెటచెన్. శాన్ హోజే అని పేరే గానీ ఆ ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటస్‌లో. 1983లో మూసేశారు, ఇప్పుడది గ్రేట్ మాల్. బే ఏరియాలో మన వాళ్లు దసరాకీ దీపావళికీ షాపింగ్‌కి వెళ్లేది మస్టాంగ్‌లు పుట్టిన చోటికే. మెటచెన్ ఫ్యాక్టరీ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేది. ఎడిసన్‌లో ఎంతమంది తెలుగువాళ్లున్నారో నేను చెప్పక్కర్లేదు. అక్కడి చుట్టాలకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఇంజన్ మీద రెండు రకాల గుర్తులుంటాయి. ఒకటి పోతలో వచ్చేది, రెండోది తర్వాత గుద్దేది. అచ్చులో కరిగిన ఇనుము పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చే అంకెలు పోత గుర్తులు. గట్టి పంచ్‌తో కొట్టినప్పుడు లోపలికి దిగే అంకెలు గుద్దిన గుర్తులు. వేలితో తడిమితేనే తేడా తెలుస్తుంది.

1969 కమారో జెడ్-28 తీసుకుందాం. 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్. వెనకవైపు, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద పోత తేదీ ఉంటుంది. సీ 14 9 అని ఉందనుకోండి. సీ అంటే మార్చి, 14వ తేదీ, 9 అంటే 1969. షెవ్రొలె నెల, రోజు, ఏడాది అని రాస్తే, ఫోర్డ్ ఏడాది, నెల, రోజు అని రాసింది. ఫోర్డ్ ఇంజన్ మీద 4సీ12 అంటే 1964 మార్చి 12. రెండు కంపెనీల ఇంజన్లు చూసేవాళ్లు ఇక్కడ తరచూ పొరబడతారు.

ఇప్పుడు ముందువైపు రండి. ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కి ముందు ఒక నున్నటి చదును ఉంటుంది. అక్కడ వీ0321డీజెడ్ అని గుద్ది ఉందనుకోండి. వీ అంటే మన పక్కనున్న ఫ్లింట్ ఇంజన్ ప్లాంటు. న్యూయార్క్‌లోని టొనావాండాలో బిగించిందైతే టీ. 0321 అంటే మార్చి 21న ఇంజన్ బిగించారు. డీజెడ్ అంటే 1969 జెడ్-28 ఇంజన్. పక్కనే ఇంకో వరసలో 19ఎన్ అని మొదలయ్యే అంకెలు. 1 షెవ్రొలె, 9 ఏడాది, ఎన్ నార్‌వుడ్, ఆపైన కారు వరస సంఖ్య. ఫైర్‌వాల్ మీది ట్రిమ్ ట్యాగ్‌లో 04ఏ ఉంది, అంటే ఏప్రిల్ మొదటి వారం బాడీ తయారైంది.

వరస చూడండి. మార్చి 14న పోత, 21న ఇంజన్ బిగింపు, ఏప్రిల్ మొదటి వారంలో కారు. పిండి రుబ్బిన తర్వాతే దోసె వస్తుంది, అంతే లెక్క. పోత తేదీ జూన్ అని ఉండి, కారు ఏప్రిల్‌దైతే, ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టింది కాదు. పోత తేదీ కారుకి మరీ ఏడాది ముందుంటే కూడా అనుమానించాలి. ఫోర్డ్‌కైతే అప్పట్లో ఈ సౌకర్యం తక్కువ. 1965 మస్టాంగ్‌లో ఒక్క కే ఇంజన్ల మీదే కారు నంబర్ గుద్దారు. మిగతావాటికి పోత తేదీయే ముఖ్యమైన ఆధారం.

పోతలో ఇంకో చిక్కు ఉంది. ఏడాదికి ఒకే అంకె. 9 అంటే 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు. 3970010 అనే పోత నంబర్ ఉన్న బ్లాకుని షెవ్రొలె 1969 నుంచి డెబ్బైల్లో చాలా ఏళ్లు వాడింది. కాబట్టి ఆ నంబర్ చూసి సంవత్సరం చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. ఫోర్డ్‌లో సీ5ఏఈ లాంటి పోత నంబర్లు కూడా అంతే. సీ అంటే అరవైల దశకం, 5 అంటే 1965, కానీ అది ఆ భాగాన్ని డిజైన్ చేసిన ఏడాది. కారు ఏడాది దాని తర్వాతిది కూడా కావచ్చు.

క్రైస్లర్ కార్ల గురించి రెండు మాటలు. డాడ్జ్ వాళ్లదే. 1970 డాడ్జ్ ఛాలెంజర్ ఆర్‌టీ నంబర్ జేఎస్23 అని మొదలవుతుంది, తర్వాత ఇంజన్ అక్షరం, తర్వాత ఆరో స్థానంలో 0. ఆ సున్నా 1970. దాన్ని ఓ అనుకుని కొందరు తికమక పడతారు. ఆపైన బీ ఉంటే ఇక్కడి హామ్‌ట్రామ్‌క్ ఫ్యాక్టరీ. ఆ ఇంజన్ అక్షరం ఆర్ అయితే హెమీ అనే శక్తిమంతమైన ఇంజన్. ఇంజన్ గదిలో ఎడమ ఫెండర్ రేకు మీద చిన్న ట్యాగ్ ఉంటుంది. అందులో తయారీకి అనుకున్న తేదీకి మూడు గుర్తులు. నెలకి 1 నుంచి 9 దాకా అంకెలు, అక్టోబరుకి ఏ, నవంబరుకి బీ, డిసెంబరుకి సీ. ఏ22 అంటే అక్టోబరు 22. షెవ్రొలె పోతలో ఏ అంటే జనవరి అని గుర్తుంచుకుంటే చాలు, ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదని అర్థమైపోతుంది.

(ముందు వరసలోంచి ఒక అబ్బాయి: "అంకుల్, కారు నంబర్‌లో 17 ఉంటాయి కదా?")

మంచి ప్రశ్న నాన్నా. మీ ఇంటి కారుకి 17 ఉంటాయి. ఆ పద్ధతి 1981 మోడల్ నుంచి వచ్చింది. అందులో పదో స్థానం సంవత్సరం. ఏ అంటే 1980, బీ అంటే 1981. ముప్ఫై ఏళ్లకి అక్షరాలు మళ్లీ మొదటికొస్తాయి కాబట్టి ఏ అంటే 2010 కూడా. పాత కారుకి అంత పొడుగు నంబర్ లేదు. 1970 కారు అని చెప్పి, 17 స్థానాల నంబర్ చూపిస్తే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

ఇప్పుడు బాధగా ఉండే సంగతి. ఈ ముద్రలకి ఎందుకింత విలువో తెలుసుకున్నవాళ్లే వాటిని పాడుచేస్తున్నారు. 1969లో జెడ్‌ఎల్-1 అనే అల్యూమినియం ఇంజన్ కమారోలు 69 మాత్రమే చేశారు. అలాంటి కారు ఒకటి దొరికిందంటే డబ్బు ఎంత మారుతుందో మీరు ఊహించుకోవచ్చు. ఆ ఆశతో కొందరు ఇంజన్ ముందున్న ఆ చదునుని రాకి, పాత అంకెలు చెరిపి, కావలసిన అంకెలు కొత్తగా గుద్దుతారు.

అది పట్టుకోవడం ఎలాగో నా ఉద్యోగం నేర్పింది. ఆ చదునుని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ మిషన్ మీద కోస్తారు. అది ఒకే దిక్కున సన్నటి సమాంతర గీతలు వదులుతుంది. అంకెల కింద, అంకెల మధ్యలో ఆ గీతలు కనిపించాలి. రాకిన చోట గీతలు మాయమవుతాయి, లేదా గుండ్రటి గీతలు వస్తాయి. ఇంకోటి. ఇంజన్ కోడ్ ఫ్లింట్‌లో కొట్టారు, అన్ని అక్షరాలూ ఒక పట్టీలో బిగించి ఒకే దెబ్బతో. కారు వరస సంఖ్య నార్‌వుడ్‌లో వేరే మనిషి, వేరే పంచ్‌లతో కొట్టాడు. కాబట్టి ఆ రెండు వరసల అక్షరాల తీరు వేరుగా ఉండటమే సహజం. రెండూ ఒకే పంచ్‌లతో, ఒకే చేతితో కొట్టినట్టు చక్కగా ఉంటే, అక్కడే నాకు టెన్షన్ మొదలవుతుంది. డాష్ మీది నంబర్ ప్లేటు రివెట్లు కూడా చూడండి. జనరల్ మోటార్స్ వాడినవి ఆరు రేకుల పువ్వులా ఉంటాయి. మామూలు గుండు రివెట్లు ఉంటే ప్లేటు ఊడదీశారని అర్థం.

ప్లేటు మీద నమ్మకం లేకపోతే కమారోలో దాచిన చోట్లున్నాయి. ఫైర్‌వాల్ మీద హీటర్ పెట్టె వెనక ఒకటి, విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వెళ్లే జాలీ ప్యానెల్ విప్పితే దాని కింద ఒకటి. అక్కడ కారు నంబర్‌లో కొంత భాగం గుద్ది ఉంటుంది. విప్పడానికి ఒక పూట పడుతుంది, కానీ ఆ చోట్ల అబద్ధం గుద్దే ఓపిక చాలామందికి ఉండదు.

(ఒక పెద్దావిడ: "ఇంజన్ మారిపోయిందంటే ఇక ఆ కారుకి విలువ లేనట్టేనా బాబూ?")

అలా అనుకోవద్దమ్మా. ఇవి రేసులాడిన కార్లు. కుర్రాళ్లు వీటిని కొన్నదే గట్టిగా తొక్కడానికి. ఇంజన్ పేలిపోతే డీలర్ దగ్గర ఇంకోటి వేయించుకున్నారు. అది ఆ కారు జీవితంలో జరిగిన సంగతి, దాచుకోవాల్సిన పని లేదు. ఇంజన్ మారింది అని నిజం చెప్పి అమ్మే కారుని నేను సంతోషంగా కొంటాను. కొత్తగా గుద్దిన అంకెలు చూపించి, పుట్టుకతో వచ్చిన ఇంజన్ అని చెప్పే కారుని ముట్టుకోను. కారు గుర్తింపు నంబర్ మార్చడం, చెరపడం కేంద్ర చట్టం ప్రకారం నేరం కూడా. అందుకే మీలో ఎవరైనా పాత కారు బాగు చేయించేటప్పుడు, పెయింట్ వేసేవాళ్లకి, ఇంజన్ రీబోర్ చేసేవాళ్లకి ముందే చెప్పండి. ఆ చదునుని రాకొద్దు, ఆ రేకుని ఊడదీయొద్దు, ఇసుక కొట్టేటప్పుడు టేపు వేసి కప్పమని. మంచి ఉద్దేశంతో చేసిన శుభ్రమే ఎన్నో ముద్రల్ని తినేసింది. ఒకసారి పోయాక ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

కాగితాల మాట కూడా చెప్తాను. 1967 మోడల్ నుంచి వచ్చిన ఫోర్డ్‌లకి ఫ్యాక్టరీ రికార్డుల నుంచి మార్టి రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. పాంటియాక్‌లకి కూడా పాత ఇన్‌వాయిస్‌లు దొరుకుతాయి. జీటీవో కొనేవాళ్లకి అది చాలా అవసరం. ఎందుకంటే 1964, 65లలో జీటీవో అనేది లెమాన్స్ కారు మీద తీసుకునే ఆప్షన్ మాత్రమే, నంబర్ చూసి అది జీటీవో అవునో కాదో చెప్పలేం. 1966 నుంచి జీటీవో నంబర్ మొదట్లో 242 అని విడిగా వచ్చింది. షెవ్రొలెకి ఆ అదృష్టం లేదు. వారంటీ పుస్తకంతో ఇచ్చిన చిన్న లోహపు కార్డు గానీ, సీటు కిందా పెట్రోలు ట్యాంకు మీదా ఇరుక్కుపోయిన బిల్డ్ షీట్, అంటే ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం గానీ దొరికితే దొరికినట్టు. అందుకే కమారోకి ముద్రలే అన్నీ.

నా మిత్రుడి సంగతి అడుగుతారేమో. కొన్ని రోజులు చాలా బాధపడ్డాడు. అమ్మినవాళ్లతో మాట్లాడి కొంత డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. తర్వాత ఫొటోలు, పెన్సిల్ ప్రింట్లు పట్టుకుని బళ్ల కాగితాలు చూసే ఇక్కడి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి వెళ్లి టైటిల్‌లో సంవత్సరం 1968 అని సరిచేయించాడు. ఆ పెన్సిల్ ప్రింట్లు నేనే తీశాను. ఆటోనగర్‌లో తీసినట్టే.

రేపు ఆ కారు కూడా వస్తుంది. బర్మింగ్‌హామ్ దగ్గర, రోడ్డుకి తూర్పు వైపున, నీలం కన్వర్టిబుల్, తెల్ల టాప్. ఉదయం తొమ్మిది నుంచి మేమిద్దరం అక్కడే ఉంటాం. బానెట్ తెరిచే ఉంచుతాం. పిల్లలకి చిన్న టార్చి ఇచ్చి పంపండి, కాగితాలూ పెన్సిళ్లూ నేను తెస్తాను. వేరే వాళ్ల కార్లు చూసేటప్పుడు మాత్రం యజమానిని అడిగాకే దగ్గరికి వెళ్లండి. నంబర్ చూడొచ్చా అని అడిగితే చాలామంది తామే వంగి చూపిస్తారు.